డిక్రీ పడ్డ తర్వాత: లేమికీ ఎగవేతకూ మధ్య చట్టం గీసిన గీత

(స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఇవ్వమని బార్ అసోసియేషన్ కబురు చేసినప్పుడు, నేను రాజ్యాంగం గురించో న్యాయ సంస్కరణల గురించో మాట్లాడతానని పెద్దలు అనుకొని ఉండవచ్చు. నేను ఎన్నుకున్న విషయం జూనియర్ సివిల్ జడ్జి కోర్టు వరండాకు సంబంధించింది. అప్పు దావాలో డిక్రీ పడ్డ మనిషికి చట్టంలో ఇంకా ఏం మిగిలి ఉంటుంది అన్నదే నా ప్రశ్న. దీన్ని ఎన్నుకోవడానికి కారణం, ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతున్నదో ఆ సీనియర్ న్యాయవాదిగారే. ఆయన ఆఫీసు అరుగు మీద కనిపెట్టుకొని కూర్చునేవారిలో చాలామంది దావా ఓడిపోయాక వచ్చినవారు. సమన్లు అందినా భయపడి కోర్టు మెట్లు ఎక్కనివారు కొందరు. కోర్టు అమీను గుమ్మం ముందు నిలబడ్డాకే తమ మీద దావా నడిచిందని తెలుసుకున్నవారు మరికొందరు. డిక్రీ అయిపోయింది గదా, ఇంకేముంది అని మరొకరు తిప్పి పంపిన కట్టను ఆయన మొదటి కాగితం నుంచి చదివేవారు. చదివాక సాధారణంగా ఒకే ప్రశ్న వేసేవారు: “నీ దగ్గర లేక ఇవ్వలేదా, ఉండి ఇవ్వలేదా?”

ఆ ప్రశ్నలోనే ఈ ఉపన్యాసమంతా ఉంది. అప్పుల వసూలు చట్టం చరిత్రను దూరం నుంచి చూస్తే, బాకీదారు శరీరం మీద నుంచి అతని ఆస్తి మీదికి, ఆస్తిలోనూ బతుకుతెరువును వదిలి మిగిలినదాని మీదికి, అప్పిచ్చినవారి చెయ్యి క్రమంగా జరుగుతూ వచ్చిన తీరు కనిపిస్తుంది. ఆ ప్రయాణమంతటా చట్టం వెతుకుతున్నది లేమికీ ఎగవేతకూ మధ్య గీతను. లేనివాణ్ని బతకనివ్వాలి, ఎగవేసేవాణ్ని వదలకూడదు. ఎవరు ఏ వైపు ఉన్నారన్నది విచారణలో తప్ప తేలదు. ఆ విచారణకు బాకీదారు హాజరైతే తప్ప ఈ రక్షణల్లో చాలా భాగం పుస్తకంలోనే ఉండిపోతుంది. నా వాదం ఇంతే; దీనికి ఆధారాలు చూపడానికి మీ ఓపిక కోరుతున్నాను.

మన ప్రాచీన ధర్మశాస్త్రాలు ఈ సమస్యను ఎరగనివి కావు. అప్పు రాబట్టుకోవడానికి మనుస్మృతి అయిదు మార్గాలు చెప్పింది: ధర్మం, వ్యవహారం, ఛలం, ఆచరితం, బలం. న్యాయస్థానానికి వెళ్లడం వాటిలో ఒకటి మాత్రమే. బాకీదారు గుమ్మంలో తిండి మాని కూర్చోవడం మొదలు బలప్రయోగం దాకా మిగిలినవన్నీ అప్పిచ్చినవాడి చేతిలోనే ఉన్నాయి. యాజ్ఞవల్క్య స్మృతి చితికిపోయిన బాకీదారు గురించి ఆలోచించింది గాని, కులం చూసి ఆలోచించింది. హీనజాతివాడిగా ఎంచినవాడి చేత అప్పు కింద చాకిరీ చేయించమంది. బ్రాహ్మణుడైతే చేతికి వచ్చినకొద్దీ మెల్లగా కట్టించుకోమంది. ఇవ్వలేని స్థితిని గుర్తించే వివేకం ఆనాడే ఉందన్నమాట. అది అందరికీ వర్తించే న్యాయంగా మారడానికి వందల ఏళ్లు పట్టింది. నిజాం రాజ్యంలో భాగేలా పేరుతో తరతరాల చాకిరీగా సాగింది ఆ యాజ్ఞవల్క్య శ్లోకం మొదటి సగమే. సాయుధ పోరాట కాలంలో తెలంగాణ పల్లెల్లో అప్పు పత్రాలు మంటల పాలయ్యాయంటే ఆశ్చర్యపోనవసరం లేదు.

ఇంగ్లండు చరిత్ర కూడా ఇందులో గర్వించదగ్గది కాదు. లండన్‌లోని మార్షల్‌సీ చెరసాల బాకీదారులతో నిండి ఉండేది. 1824లో చార్లెస్ డికెన్స్ తండ్రిని అందులో పెట్టినప్పుడు కొడుకుకు పన్నెండేళ్లు. బాకీ కోసం ఖైదు చేయడాన్ని అక్కడ చాలా వరకు తొలగించింది 1869 నాటి చట్టం. అంతకు పదేళ్ల ముందు, 1859లో, మనకు మొదటి సివిల్ ప్రొసీజర్ కోడ్ వచ్చింది. అప్పిచ్చినవారికి కోర్టు రూపంలో కొత్త ఆయుధం దొరికింది. దాని ఫలితం దక్కనులో కనిపించింది. 1875లో పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలను, డిక్రీలను వెతికి తగలబెట్టారు. ప్రాణాల జోలికి పోవడం అరుదు. వారి కోపం కాగితం మీద. రైతు గైర్హాజరీలో ఎక్స్‌పార్టీ డిక్రీలు కుప్పలుగా పడుతున్నాయని, కోర్టు యంత్రాంగమే షావుకారు పనిముట్టుగా మారిందని ఆ తర్వాత జరిగిన విచారణలో బయటపడింది. 1879 నాటి దక్కను రైతుల ఉపశమన చట్టం అందుకే వచ్చింది. అది బాకీ కోసం రైతును ఖైదు చేయడాన్ని నిలిపివేసింది. నోటు మీద రాసిన అంకెను దాటి అసలు లావాదేవీ ఏమిటో చూసే అధికారం జడ్జికి ఇచ్చింది. వాయిదాల మీద కట్టించే వీలు కల్పించింది.

ఆ వెలుగు మిగతా దేశానికి నెమ్మదిగా పాకింది. 1931లో రాయల్ కమిషన్ ఆన్ లేబర్, తక్కువ వేతనం ఉన్న కార్మికుణ్ని బాకీ కోసం ఖైదు చేయరాదని, ఇచ్చే శక్తి ఉండీ ఇవ్వడం లేదని రుజువైతే తప్ప జైలు తగదని సిఫారసు చేసింది. 1936లో 21వ చట్టం సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్‌కు ఒక షరతును చేర్చింది. ఈనాటికీ ప్రతి అరెస్టు పిటిషన్‌లో చర్చకు వచ్చేది ఆ షరతే. దాని సంగతి తర్వాత చెబుతాను.

మన కోస్తా, రాయలసీమ ప్రాంతాలకు అతి దగ్గరి ఘట్టం 1938. ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర పడిపోయింది. నోటు మీది అసలు, వడ్డీ మాత్రం పడిపోలేదు. రాజాజీ ప్రభుత్వం, ప్రకాశం పంతులుగారు రెవెన్యూ మంత్రిగా ఉన్న కాలంలో, మద్రాసు రైతు రుణ ఉపశమన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద, 1937 అక్టోబరు 1 నాటికి నిలిచి ఉన్న వడ్డీ మొత్తం రద్దయింది. అప్పటికే అసలుకు రెట్టింపు ముట్టి ఉంటే బాకీయే తీరినట్టు లెక్క. నేటి సభకు ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. ఆ చట్టం డిక్రీ బాకీలకూ వర్తించింది. బాకీదారు దరఖాస్తు మీద కోర్టు తన డిక్రీని తానే సవరించి తగ్గించాల్సి వచ్చింది. డిక్రీ అంటే రాతి మీద చెక్కిన శాసనం అనే భావాన్ని అంత స్పష్టంగా కదిలించిన చట్టం మన ప్రాంతంలో అంతకు ముందు లేదు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఇంకో అడుగు వేసి, వెట్టి బాకీ మీద అంతకు ముందే పడి వసూలు కాని డిక్రీలన్నీ పూర్తిగా తీరిపోయినట్టే భావించాలంది. 1977లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చిన్నరైతులు, వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవారి పాత అప్పులను రద్దు చేస్తూ చట్టం చేసింది.

ఈ చరిత్ర వెనుక పెట్టుకొని ఇప్పటి చట్టానికి వద్దాం.

డిక్రీ పడిందని తెలిసిన రోజు బాకీదారు మొదట చూసుకోవలసింది ఆ డిక్రీ ఎలా పడిందన్నది. తన వాదన వినకుండా ఎక్స్‌పార్టీగా పడితే, దాన్ని తొలగించమని ఆర్డర్ 9 రూల్ 13 కింద దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే ఆ 30 రోజులు డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి నడుస్తాయి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపి మన్నించమని అడగవచ్చు. ఖర్చులు కట్టమనో, కొంత సొమ్ము డిపాజిట్ చేయమనో కోర్టు షరతు పెట్టవచ్చు. విచారణ జరిగి పడ్డ డిక్రీ అయితే అప్పీలు: జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. అయితే అప్పీలు వేసినంత మాత్రాన అమలు ఆగదు. స్టే అడగాలి, డబ్బు డిక్రీలో స్టే అడిగితే సొమ్ము డిపాజిట్ చేయమనో, జామీను చూపమనో కోర్టు అంటుంది. 25,000 రూపాయలు మించని డబ్బు దావాల్లో రెండో అప్పీలుకు దారి లేదు.

ఇవన్నీ వదిలేసి, అమలు పిటిషన్ (ఈపీ)లో నోటీసు వచ్చాక, ఆ నోటు నాది కాదు, సంతకం నాది కాదు అంటే ఎవరూ వినరు. ఈపీ నడిపే కోర్టు డిక్రీ వెనక్కి వెళ్లి చూడలేదు. అధికార పరిధి లేని కోర్టు ఇచ్చినదో, అప్పటికే చనిపోయిన వ్యక్తి మీద పడినదో అయితే తప్ప ఆ తలుపు మూసినట్టే. 47వ సెక్షన్ కింద ఆ కోర్టు తేల్చేది అమలుకు, చెల్లింపుకు, బాకీ తీరడానికి సంబంధించిన ప్రశ్నలను మాత్రమే.

చెల్లింపు అన్నాను గనుక ఇక్కడ కొంచెం ఆగాలి. నా ఎరుకలో పేద బాకీదారుకు అన్నిటికన్నా ఎక్కువ అన్యాయం జరిగేది ఈ చోటే. ఒక రైతు మీద డిక్రీ పడింది. పెద్దమనుషులు కూర్చున్నారు, రాజీ కుదిర్చారు. రెండు పంటల్లో అతను పత్తి అమ్మిన డబ్బు తెచ్చి డిక్రీదారు చేతిలో పెట్టాడు. అసలు నోటు కోర్టు ఫైల్లో ఉంది, దాని మీద చెల్లు వేసుకునే వీలు లేదు. నమ్మకం మీద ఇచ్చాడు, కాగితం అడగలేదు. కొన్నేళ్లకు మొత్తం సొమ్ముకు, వడ్డీతో సహా, ఈపీ పడింది. ఇచ్చినట్టు ఊరంతా సాక్ష్యం చెబుతుంది. చట్టం మాత్రం ఆ సాక్ష్యాన్ని వినదు. ఆర్డర్ 21 రూల్ 2 ప్రకారం కోర్టు బయట కట్టిన సొమ్మును కోర్టు రికార్డులో చేర్పించాలి. డిక్రీదారు చేర్పించకపోతే బాకీదారే దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి గడువు 30 రోజులు. 1976లో చేర్చిన నిబంధన ప్రకారం రాతమూలకమైన ఆధారం అయినా ఉండాలి, డిక్రీదారు ఒప్పుకోవడమైనా జరగాలి. రికార్డు కాని చెల్లింపును ఈపీ కోర్టు గుర్తించదు. ఆర్డర్ 21లోని దరఖాస్తులకు ఆలస్యాన్ని మన్నించే లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కూడా వర్తించదు.

ఈ నియమం వెనుక కారణం లేకపోలేదు. దొంగ చెల్లింపులు చూపించి అమలును ఏళ్ల తరబడి సాగదీసేవారు ఉన్నారు. కాని నోటు మీద చెల్లు రాయించుకోవడం తెలిసిన రైతుకు, డిక్రీ తర్వాత చెల్లు కోర్టులో పడాలని చెప్పేవారు ఎవరూ లేరు. డబ్బును నేరుగా కోర్టులో కట్టి డిక్రీదారుకు నోటీసు ఇవ్వడం, లేదా బ్యాంకు ద్వారా పంపి ఆ రసీదు దాచుకోవడం అన్నిటికన్నా క్షేమం. సీనియర్‌గారు కక్షిదారుకు రాజీ కుదిరిందని తెలిసిన రోజునే మెమో రాయించేవారు.

ఒకేసారి కట్టలేని మనిషికి వాయిదాలు ఒక దారి. డిక్రీ ఇచ్చే సమయంలో వాయిదాల మీద కట్టమని ఆదేశించే అధికారం ఆర్డర్ 20 రూల్ 11 కోర్టుకు ఇస్తుంది. కాబట్టి బాకీ నిజమే అయినా, దావాలో హాజరై తన ఆదాయం ఇంత, నెలకు ఇంత కట్టగలను అని చెప్పుకోవడం వృథా కాదు. డిక్రీ పడ్డాక మాత్రం వాయిదాలకు డిక్రీదారు సమ్మతి కావాలి, దరఖాస్తు 30 రోజుల్లో పెట్టాలి. ఈ నిబంధనతో నాకు గట్టి విభేదం ఉంది. 1879లో దక్కను రైతుకు ఇవ్వగలిగిన వెసులుబాటును, అప్పిచ్చినవారి సమ్మతితో ముడిపెట్టకుండా నేటి కూలీకి, చిరుద్యోగికి ఎందుకు ఇవ్వకూడదు? ఇరువైపులా విని, కట్టగలిగినంత నిర్ణయించే విచక్షణ జడ్జికి ఇవ్వాలి. అది వచ్చేదాకా లోక్ అదాలత్ ఒక ఆసరా. ఈపీ దశలో ఉన్న కేసులనూ అక్కడ రాజీ చేసుకోవచ్చు. అక్కడి అవార్డుకు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయం ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

ఇక ఆస్తి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మానవత్వం ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను 60వ సెక్షన్ చూపిస్తాను. ఒంటి మీది బట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, మతాచారం ప్రకారం స్త్రీ తన ఒంటి మీద నుంచి తీయకూడని ఆభరణాలు జప్తు చేయరాదు. చేతివృత్తివాడి పనిముట్లు, రైతు వ్యవసాయ పనిముట్లు, సాగుకు కావలసిన పశువులు, విత్తనాలు జప్తు చేయరాదు. రైతుకు, కూలీకి, ఇళ్లలో పనిచేసుకునేవారికి చెందిన, వారే కాపురం ఉంటున్న ఇల్లు జప్తు చేయరాదు. కూలీ డబ్బు, ప్రభుత్వ పింఛను, ప్రావిడెంట్ ఫండ్, జీవిత బీమా పాలసీ సొమ్ము కూడా ఆ జాబితాలోనివే.

చేనేత ఊళ్లో ఒక జప్తు నాకు బాగా గుర్తు. అమీను ఇంట్లోకి వచ్చి సామాను జాబితా రాసుకుంటున్నాడు. గుంటమగ్గం మీద సగం నేసిన చీర ఉంది. నాడె పడుగు మీదే ఆగి ఉంది. ఇంట్లో అమ్మితే నాలుగు రూపాయలు వచ్చే వస్తువు మగ్గమే గనుక డిక్రీదారు మనిషి దాన్నే చూపించాడు. నేతగాడి భార్య ఏడుస్తోంది గాని, చట్టం మగ్గాన్ని ముట్టుకోనివ్వదన్న సంగతి ఆమెకు గాని భర్తకు గాని తెలియదు. అడ్డం చెప్పినవాడు వారి వకీలు కూడా కాదు. మన సీనియర్‌గారి గుమాస్తా, వేరే పని మీద ఆ వీధికి వెళ్లినవాడు. సెక్షన్ పేరు చెప్పి, మగ్గం పనిముట్టు కిందికి వస్తుందని అమీనుకు గుర్తుచేశాడు. అమీను మంచివాడు, కొట్టేశాడు. అతను ఆ వీధికి వెళ్లకపోయి ఉంటే ఏం జరిగేదో మీరే ఊహించుకోవచ్చు.

జీతగాళ్ల విషయంలో లెక్క ఇలా ఉంటుంది. మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. చట్టం లెక్కలోకి తీసుకునే జీతం 25,000 రూపాయలైతే 17,000 ఇంటికి వెళ్తుంది, 8,000 జప్తుకు పోతుంది. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు జీతం జప్తు అయితే, ఆ డిక్రీకి ఆ జీతం ఇక ఎప్పటికీ అందదు. ధరలు ఎక్కడికో వెళ్లిపోయిన ఈ రోజుల్లో ఆ వెయ్యి రూపాయల అంకెను అలాగే ఉంచడం చట్టసభల ఉపేక్ష అని చెప్పక తప్పదు.

1976లో చేర్చిన మరో చిన్న ఉపసెక్షన్ చాలా విలువైంది. ఈ రక్షణలను వదులుకుంటున్నానని నోటు మీదో, ఒప్పందంలోనో బాకీదారు చేత సంతకం చేయించుకున్నా అది చెల్లదు. ఒక హెచ్చరిక కూడా అవసరం. ఈ జాబితా ఇల్లో పొలమో తాకట్టు పెట్టి తీసుకున్న అప్పుకు ఆసరా కాదు. తాకట్టు డిక్రీలో ఆ ఆస్తి మీదే హక్కు రాసి ఉంటుంది గనుక జప్తు అవసరమే రాదు.

స్థిరాస్తి వేలానికి వచ్చినా దారులు మూసుకుపోవు. డిక్రీ సొమ్ముకు ఎంత భాగం సరిపోతుందో అంతే అమ్మాలని ఆర్డర్ 21 రూల్ 64 చెబుతుంది. చిన్న మొత్తం డిక్రీకి పదెకరాల పొలం మొత్తం అమ్మిన ఒక వేలాన్ని 1989లో సుప్రీంకోర్టు తప్పుపట్టి, సరిపడే భాగమే అమ్మడం కోర్టు విధి అని స్పష్టం చేసింది. ఆ కేసు వెళ్లింది మన రాష్ట్రం నుంచే. రూల్ 83 కింద, కోర్టు వేలంలో పోయే ధరకంటే నేనే మంచి ధరకు అమ్మి లేదా తాకట్టు పెట్టి కట్టేస్తానని గడువు అడగవచ్చు. వేలం అయిపోయాక కూడా 60 రోజుల్లోపు, ప్రకటనలో చూపిన సొమ్మును, వేలం పాడినవారికి ఇవ్వడానికి పాట మొత్తంలో నూటికి అయిదు వంతులను కోర్టులో కడితే అమ్మకం రద్దవుతుంది. 61వ రోజున ఎంత డబ్బు తెచ్చినా లాభం లేదు. మోసమో, తీవ్రమైన అక్రమమో జరిగి, దానివల్ల నిజంగా నష్టం వాటిల్లిందని చూపితే రూల్ 90 ఉంది.

ఇక అరెస్టు. పల్లెల్లో ఇప్పటికీ డిక్రీ అంటే జైలు అన్న భయమే పాతుకుపోయి ఉంది. అప్పు వసూలు చేసే మధ్యవర్తులు ఆ భయాన్ని బాగా వాడుకుంటారు. చట్టం చెప్పేది వేరు. డబ్బు డిక్రీ అమలులో స్త్రీని అరెస్టు చేయడానికి వీల్లేదు. 56వ సెక్షన్ అంతే నిష్కర్షగా ఉంది. మరెవరినైనా సరే, సాధారణంగా ముందు నోటీసు ఇచ్చి కారణం అడగాలి. 1936 నాటి షరతు ప్రకారం, పారిపోబోతున్నాడనో, ఆస్తిని దాచాడు, మార్చాడు అనో, చెల్లించే స్తోమతు ఉండీ నిరాకరిస్తున్నాడనో కోర్టు విచారించి, కారణాలు రాసి తృప్తి పడాలి. స్తోమతు లెక్కకట్టేటప్పుడు జప్తుకు అందని ఆస్తిని కలపకూడదు. ఒకరి తరఫున ధర్మకర్తగా పట్టుకున్న సొమ్ము అయితే సంగతి వేరు.

1980 ఫిబ్రవరిలో బ్యాంక్ ఆఫ్ కొచ్చిన్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఈ షరతుకు ప్రాణం పోసింది. పేదరికం నేరం కాదన్న వాదాన్ని ఆయన రాజ్యాంగం 21వ అధికరణతోనూ, అంతకు ముందు సంవత్సరమే భారతదేశం అంగీకరించిన పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 11వ అధికరణతోనూ ముడివేశారు. ఒకప్పుడు డబ్బు ఉండేది, ఇప్పుడు లేదు అంటే చాలదు. ఇవ్వకపోవడంలో దురుద్దేశం కనిపించాలి. జైలు కాలానికీ హద్దు ఉంది. డిక్రీ సొమ్ము 2,000 రూపాయలు మించకపోతే జైలే లేదు. 5,000 దాటితే గరిష్ఠంగా మూడు నెలలు. ఆ కాలంలో తిండి ఖర్చుకు బత్తా కట్టాల్సింది డిక్రీదారు. విడుదలయ్యాక అదే డిక్రీ మీద మళ్లీ అరెస్టు ఉండదు, బాకీ మాత్రం మిగిలే ఉంటుంది.

ఈ రక్షణ కవచమంతా ఒక్క చోట చీలిపోతుంది: నోటీసు అందుకున్నవాడు కోర్టుకు రాకపోతే. అతని లేమిని చెప్పే నోరు కోర్టులో ఉండదు. పట్టా పాసుపుస్తకం నకలు, జీతం చీటీ, ఆసుపత్రి బిల్లులు, ఇతర అప్పుల వివరం పట్టుకొని వచ్చి ప్రమాణ పత్రం దాఖలు చేసినవాణ్ని జైలుకు పంపడం ఏ జడ్జికీ సులువు కాదు.

బాకీదారు చనిపోయాక ఏమవుతుందో చెప్పకుండా ఈ అంశం నుంచి దాటిపోలేను. అనంతపురం నుంచి ఆదిలాబాద్ దాకా ఆత్మహత్య చేసుకున్న రైతుల ఇళ్ల ముందు అప్పులవాళ్లు నిలబడిన దృశ్యాలు మనం చూశాం. భర్త అప్పుకు భార్య, తండ్రి అప్పుకు బిడ్డలు సొంతంగా బాధ్యులని వారిని నమ్మించినవారు ఎందరో. 50వ సెక్షన్ ప్రకారం వారసుల బాధ్యత చనిపోయిన వ్యక్తి ఆస్తి ఎంత వారి చేతికి వచ్చిందో అంతవరకే. ఆమె కూలి డబ్బు మీద, కొడుకు సంపాదన మీద ఆ డిక్రీకి హక్కు లేదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమన్న పాత హిందూ న్యాయసూత్రం కూడా, 2005 సవరణ తర్వాత చేసిన అప్పుల విషయంలో, కోర్టులో అమలు చేయించుకోగల బాధ్యతగా మిగల్లేదు. ఈ మాట చెప్పి ఆ ఇళ్లకు ధైర్యం ఇవ్వడం మన వృత్తి బాధ్యతల్లో మొదటిది.

అప్పిచ్చినవారి పక్షాన కూడా నేను మాట్లాడాలి. డిక్రీ గెలిచాకే కక్షిదారు కష్టాలు మొదలవుతాయని 1872లోనే ప్రివీ కౌన్సిల్ గమనించింది. అమలు పిటిషన్లను ఆరు నెలల్లో తేల్చాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2025 అక్టోబరులో అదే కోర్టు దేశమంతటా లెక్క తీయిస్తే 8.82 లక్షల ఈపీలు పెండింగులో ఉన్నట్టు తేలింది. రిటైరైన టీచరు పిల్ల పెళ్లికని దాచుకున్న సొమ్మును నమ్మి చేబదులిచ్చి పదేళ్లు తిరుగుతున్న సందర్భాలూ నాకు తెలుసు. దావా పడగానే పొలం బావమరిది పేర రాసి, కారు మాత్రం ఉంచుకునే మనిషికి నేను చెప్పిన రక్షణలేవీ ఉద్దేశించినవి కావు. అలాంటి బదిలీలను కొట్టేయించడానికి ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ ఉంది; ఆస్తి వివరాలను ప్రమాణం మీద చెప్పించడానికి ఆర్డర్ 21 రూల్ 41 ఉంది. డిక్రీ అమలుకు పన్నెండేళ్ల గడువు ఉంది. నిజమైన లేమి త్వరగా, చౌకగా రుజువయ్యే చోటే ఎగవేత కూడా త్వరగా పట్టుబడుతుంది. రెండు పక్షాలకూ కావలసింది అదే విచారణ.

చివరి ఆశ్రయం దివాలా. మన జిల్లాల్లో ఐపీ పెట్టాడు అంటే అది నింద. 1920 నాటి ప్రావిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం ఉద్దేశం అది కాదు. తన ఆస్తినంతా కోర్టుకు అప్పగించి, అప్పులవాళ్లందరికీ సమంగా పంచి, మిగిలిన బాకీ నుంచి విడుదల పొందే అవకాశాన్ని అది నిజాయతీ గల మనిషికి ఇస్తుంది. అరెస్టయి కోర్టు ముందుకు వచ్చిన బాకీదారుకు ఈ హక్కు ఉందని తెలియజేయాలని కోడ్ 55వ సెక్షన్ కోర్టుకే బాధ్యత పెట్టింది. 2016 దివాలా చట్టం ఇంకా మెరుగైన ఏర్పాటు ఊహించింది. ఏడాది ఆదాయం 60,000, ఆస్తి విలువ 20,000, అర్హమైన అప్పులు 35,000 రూపాయలు మించని, సొంత ఇల్లు లేని పేదకు కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఇచ్చింది. కాని వ్యక్తుల దివాలాకు సంబంధించిన భాగాన్ని, ఈ అవకాశం ఇచ్చే అధ్యాయాన్ని వదిలేసి, 2019 డిసెంబరు నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తులకు మాత్రమే అమలులోకి తెచ్చారు. వేల కోట్ల హామీదారుకు తలుపు తీసి, ముప్పై అయిదు వేల బాకీదారుకు మూసి ఉంచడానికి నాకు న్యాయమైన కారణం ఏదీ కనిపించదు. ఆ అధ్యాయాన్ని నోటిఫై చేయమని ఈ వేదిక నుంచి కేంద్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఆ అంకెలనూ ఇప్పటి ధరలకు తగ్గట్టు పెంచాలి.

మన చేతిలో ఉన్న పని ఒకటి ఉంది. ఈపీలో బాకీదారుకు వెళ్లే ప్రతి నోటీసు వెంట ఒక్క పేజీ తెలుగు కాగితం జతచేయాలి. వాయిదా తేదీకి ఏ పత్రాలు తేవాలి, కట్టిన సొమ్మును ఎన్ని రోజుల్లో రికార్డు చేయించుకోవాలి, ఏ వస్తువులు జప్తుకు అందవు, ఉచిత న్యాయ సహాయానికి ఎవరిని కలవాలి అన్న నాలుగు సంగతులు అందులో ఉంటే చాలు. ఆ కాగితం ముసాయిదా రాసి తెచ్చాను. బార్ అసోసియేషన్ సవరించి, జిల్లా న్యాయమూర్తిగారి అనుమతితో వచ్చే నెల నోటీసుల నుంచే జతచేయించాలని కోరుతూ, దాన్ని అధ్యక్షులవారికి అందజేస్తున్నాను.